సీడార్ మీసా కొండచరియ ఇళ్ళ దగ్గర క్యాంపింగ్: నీళ్ళు, టెంట్ చోటు, చిట్టెలుకలు

ఆగ్నేయ యూటాలో బ్లాండింగ్ ఊరికి పడమరగా ఉన్న పీఠభూమి పేరు సీడార్ మీసా. పైనంతా జూనిపర్, పిన్యన్ చెట్లతో చదునుగా ఉంటుంది. ఆ చదునును కోసుకుంటూ గ్రాండ్ గల్చ్, ఫిష్ క్రీక్, ఔల్ క్రీక్, మ్యూల్ కాన్యన్ లాంటి లోయలు దిగుతాయి. లోయ గోడల్లో రాయి చూరులా ముందుకు పొడుచుకొచ్చిన చోట్ల, పూర్వ ప్యూబ్లో ప్రజలు కట్టుకున్న ఇళ్ళు, గాదెలు, కివాలు అనే పూజా గదులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వీటిలో చాలావరకు 13వ శతాబ్దానివి. ఆ శతాబ్దం ముగిసేలోపే వాళ్ళు దక్షిణానికి తరలిపోయారు. నేటి హోపీ, జూనీ, రియో గ్రాండే ప్యూబ్లోల ప్రజలు వాళ్ళ వారసులే.

కొలరాడోలోని మెసా వెర్డెలో ఉన్నట్టు ఇక్కడ టికెట్ టూర్లు, రెయిలింగులు, గైడ్లు ఉండరు. మ్యాప్ చూసుకుంటూ నడవాలి, దొరికిన నీళ్ళు వడగట్టుకోవాలి, గోడ దగ్గర ఎలా మసలుకోవాలో ముందే తెలిసి ఉండాలి. ఈ ప్రాంతం 2016లో బేర్స్ ఇయర్స్ నేషనల్ మాన్యుమెంట్‌లో భాగమైంది. లోయల నిర్వహణ ఎక్కువగా బీఎల్ఎం, అంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, చూసుకుంటుంది.

ఎప్పుడు వెళ్ళాలి

మార్చి చివరి నుంచి మే మధ్య దాకా, మళ్ళీ సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ ఆఖరు దాకా. వసంతంలో ఊటల్లో నీళ్ళు ఉంటాయి, కానీ గాలి ఎక్కువ, రాత్రిళ్ళు గడ్డకట్టే చలి. శరదృతువులో వాతావరణం నిలకడగా ఉంటుంది, కానీ వేసవి తర్వాత చాలా ఊటలు ఎండిపోయి ఉంటాయి. మే చివర, జూన్‌లలో నాట్ (gnat) అనే సన్నటి దోమల్లాంటి పురుగులు చెవుల వెనక, జుట్టు అంచుల్లో కుడతాయి. తలకు వల కట్టుకోకపోతే నిలవలేరు. జులై నుంచి సెప్టెంబర్ వరకు మధ్యాహ్నపు ఉరుముల వానలు, వాటితోపాటు మెరుపు వరదలు. జులై 4 సెలవులకు ప్లాన్ చేసేవాళ్ళు చాలామందే ఉంటారు. అప్పుడు ఈ లోయల్ని వదిలేసి మెసా వెర్డెకు వెళ్ళడమే మంచిది.

పిల్లలతో వెళ్తే

కారు పక్కనే క్యాంపు వేసుకుని పగలు చిన్న నడకలకు వెళ్ళడం సులువు. నేచురల్ బ్రిడ్జెస్ నేషనల్ మాన్యుమెంట్‌లో 13 సైట్ల క్యాంప్‌గ్రౌండ్ ఉంది. రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవాళ్ళకే చోటు. వసంతకాలపు వారాంతాల్లో మధ్యాహ్నం కల్లా నిండిపోతుంది కాబట్టి ఉదయమే చేరాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి లేదు. విజిటర్ సెంటర్ దగ్గర నీళ్ళు పట్టుకోవాలి. నలుగురి కుటుంబం రెండు రోజులుంటే 5 గ్యాలన్ల క్యాన్లు రెండు, చేతులు కడుక్కోవడానికి ఇంకో చిన్న క్యాను సరిపోతాయి. ఇది 2007లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందిన చోటు. రాత్రి తెల్ల లైటు బదులు హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర లైటు వాడండి. ఇంటి నుంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోవచ్చు, కానీ పొద్దున ఆరింటికి దాని కూత లోయ అవతలి గట్టు దాకా వినిపిస్తుంది.

అక్కడి నుంచి హైవే 95 మీద తూర్పుకు వస్తే మ్యూల్ కాన్యన్ సౌత్ ఫోర్క్ తగులుతుంది. చదునైన వాగులో ఒక మైలు నడిస్తే హౌస్ ఆన్ ఫైర్ అనే గాదెల వరుస. వాటి పైకప్పు రాయి మీది చారలు, ఎదుటి నేల నుంచి తిరిగొచ్చే వెలుగు పడితే మంటల్లా కనిపిస్తాయి. ఆ వెలుగు పొద్దున కాస్త ఎండెక్కాక వస్తుంది, మధ్యాహ్నం దాటితే ఉండదు. దీనికి చిన్న పగటి పర్మిట్ కావాలి. ఇంకా తూర్పున బట్లర్ వాష్ దగ్గర రానూపోనూ ఒక మైలు నడకలో లోయ ఇవతలి అంచు నుంచే ఇళ్ళు చూడొచ్చు. ఐదేళ్ళ పిల్లలకు అదే మేలు, గోడ చేతికి అందదు కాబట్టి.

రాత్రి లోయలో ఉండాలంటే

మొదటిసారి బ్యాక్‌ప్యాకింగ్‌కు అనువైన దారి కేన్ గల్చ్‌లో దిగి, గ్రాండ్ గల్చ్ వెంట నడిచి, బుల్లెట్ కాన్యన్‌లో పైకి రావడం. మొత్తం 23 మైళ్ళు. రెండు రాత్రుల్లో పూర్తిచేయొచ్చు గానీ మూడు పెట్టుకుంటే ఇళ్ళు చూడటానికి తీరిక దొరుకుతుంది. ఇసుకలో, రాళ్ళ మధ్య, పొదలు తప్పించుకుంటూ నడక గంటకు మైలున్నర దాటదు. మామూలు ట్రైల్ లెక్కలు ఇక్కడ పనికిరావు.

దిగే చోటు, పైకొచ్చే చోటు వేరు. రెండు కార్లలో వెళ్తే మొదట ఒకదాన్ని బుల్లెట్ ట్రైల్‌హెడ్ దగ్గర వదిలి రండి.

రాత్రి బసకు పర్మిట్ తప్పనిసరి. ముందుగా రిక్రియేషన్ డాట్ గవ్‌లో బుక్ చేసుకోవాలి. గుంపు 12 మందికి మించకూడదు, గ్రాండ్ గల్చ్‌లోకి కుక్కల్ని తీసుకెళ్ళకూడదు, లోయల్లో మంట వేయకూడదు. హైవే 261 మీద, 95 కూడలికి 4 మైళ్ళ దక్షిణాన కేన్ గల్చ్ రేంజర్ స్టేషన్ ఉంది. అది సీజన్‌లో మాత్రమే, అదీ ఉదయం పూటే తెరుస్తారు. ఫీనిక్స్ వైపు నుంచి వేసవి సమయంలో వచ్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు: అరిజోనాలో గడియారాలు మార్చరు, యూటా ఒక గంట ముందుంటుంది, మధ్యలో దాటే నవాహో నేషన్‌లో మాత్రం గడియారాలు మారుస్తారు. ఫోన్ ఏ టవర్‌ను పట్టుకుంటే ఆ టైమే చూపిస్తుంది. ముందురోజు రాత్రే గడియారాన్ని యూటా టైముకు పెట్టేసుకోండి.

స్టేషన్‌లో అడగాల్సినది ఒక్కటే: ఏ ఊటలో నీళ్ళున్నాయి, ఎవరు చూసి చెప్పారు, ఎన్ని రోజుల కింద చూశారు. జంక్షన్, టర్కీ పెన్, టోడీ, జైల్‌హౌస్ ఊటల పేర్లు మ్యాప్ మీద ముందే గుర్తుపెట్టుకుని ఒక్కోదాని గురించి అడగండి. మ్యాప్‌లో నీలం గీత ఉన్నంత మాత్రాన నీళ్ళున్నట్టు కాదు.

బ్లాండింగ్‌లో పెట్రోల్ నింపుకోండి. 95, 261 రోడ్ల మీద చాలా దూరం బంకు దొరకదు. ఫోన్ సిగ్నల్ లోయలో అసలు ఉండదు. శాటిలైట్ మెసెంజర్ తీసుకెళ్ళినా ఇరుకు గోడల మధ్య సందేశం వెళ్ళదు. ఆకాశం విశాలంగా కనిపించే మలుపు దాకా నడవాలి.

నీళ్ళు

మనిషికి రోజుకు 4 లీటర్లు, వంటకు ఇంకో లీటరు. తర్వాతి ఊటలో నీళ్ళు ఖాయం కాకపోతే, మనిషికి 6 లీటర్లు మోయగలిగే సంచులుండాలి. మడతపెట్టే 2 లీటర్ల సంచులు మూడు తెచ్చుకోండి. ఒకటి చిరిగినా మిగతావి ఉంటాయి.

ఫిల్టర్ పాడయ్యేది రెండు విధాలుగా. మొదటిది ఒండ్రు. వాన పడ్డాక వాగు నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉంటాయి. వాటిని నేరుగా చేత్తో పిండే స్క్వీజ్ ఫిల్టర్‌లో పోస్తే రెండు లీటర్లకే మూసుకుపోతుంది. సాయంత్రం నీళ్ళు పట్టి మడత బకెట్‌లో రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దునకు అడుగున బురద పేరుకుంటుంది. అయినా తేరుకోకపోతే పటిక పొడి చిటికెడు వేసి నిమిషంపాటు తిప్పి వదిలేయండి. మన ఇళ్ళలో కుండనీళ్ళకు పట్టించిన పటికే ఇది, ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది. పైన తేరిన నీళ్ళను కప్పుతో తీసి గుడ్డలో వడగట్టి, అప్పుడు ఫిల్టర్‌లో పోయాలి. పటిక బురదను దించుతుందే గానీ క్రిముల్ని చంపదు.

రెండోది చలి. సన్నటి గొట్టాలతో చేసిన ఫిల్టర్ తడిగా ఉండగా గడ్డకడితే లోపల చీలిపోతుంది. బయటికి ఏమీ తెలియదు, నీళ్ళు మునుపటిలాగే వస్తాయి, వాటితోపాటు విరేచనాలు తెచ్చే జియార్డియా క్రిమి కూడా. రాత్రి దాన్ని జిప్ కవర్‌లో వేసి స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. గడ్డకట్టిందేమో అని అనుమానం వస్తే పక్కన పడేసి క్లోరిన్ డైఆక్సైడ్ మాత్రలు వాడండి. ఒక్కోటి లీటరు నీళ్ళకు, పూర్తిగా పనిచేయడానికి 4 గంటలు.

టెంట్ ఎక్కడ వేయాలి

సాయంత్రం లోయలో నడుస్తుంటే మంచి చోటు దానంతటదే కనిపిస్తుంది: రాతి చూరు కింద పొడి ఇసుక, వాన పడదు, గాలి రాదు, పొద్దున ఎండ తగులుతుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటివాళ్ళకూ సరిగ్గా ఆ చోటే నచ్చింది. అక్కడ టెంట్ వేయకండి, గోడలేమీ కనిపించకపోయినా సరే.

కారణం నేల కింద ఉంది. 1890లలో రిచర్డ్ వెదరిల్ ఈ లోయల్లో తవ్వకాలు చేసినప్పుడు, కొండచరియ ఇళ్ళవాళ్ళ పొరల కింద ఇంకా పాత జనం ఖననాలు బయటపడ్డాయి. కుండలు లేకుండా బుట్టలతో బతికిన ఆ జనానికి బాస్కెట్‌మేకర్లని పేరొచ్చింది. అంటే చూరు కింది ఇసుక ఒట్టి ఇసుక కాదు. బూడిద, తాడు ముక్కలు, మొక్కజొన్న బెండ్లు, మనుషుల సమాధులు పొరలుపొరలుగా ఉన్న పుస్తకం అది. టెంట్ మేకు ఆరంగుళాలు దిగితే రెండు మూడు పొరలు కలిసిపోతాయి. చూరు ముందు వాలులో నల్లటి మెత్తటి మట్టి, పెంకులు కనిపిస్తే అది వాళ్ళు చెత్త పారబోసిన చోటు. దాని మీదుగా అడ్డంగా నడిచినా మట్టి జారి పై గోడ పునాది కదులుతుంది.

వాగు అడుగున వేయడం ఇంకో ప్రమాదం. మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా, పైన పదిహేను మైళ్ళ దూరంలో కురిసిన వాన గంటల తర్వాత మీ దగ్గరికి రావచ్చు. వరద ఎంత ఎత్తు వస్తుందో తెలుసుకోవడానికి చెట్లను చూడండి: కొమ్మల సందుల్లో ఇరుక్కున్న గడ్డి, పుల్లలు, ఒకే వైపుకు వాలిన రెల్లు. ఆ గుర్తుకు కనీసం ఆరడుగుల పైన పడుకోవాలి.

మూడోది నల్లగా, గరుకుగా, పొక్కులుపొక్కులుగా ఉండే నేల. అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, నాచు కలిసి ఇసుకను అంటిపెట్టుకున్న పొర. ఒక్క అడుగుకే పిండి అవుతుంది, మళ్ళీ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

ఇవన్నీ పోగా మిగిలేవి: వాగుకు పైన గట్టు మీద ఇప్పటికే నలిగి గట్టిపడిన పాత క్యాంపు చోట్లు, లేదా పరుపుబండలు. జంక్షన్ దగ్గర, జైల్‌హౌస్ ఊట చుట్టుపక్కల అలాంటివి దొరుకుతాయి. ఊటకు కనీసం 200 అడుగుల దూరం ఉండండి, జంతువులూ రాత్రి ఆ నీళ్ళకే వస్తాయి. ఎండిన పెద్ద కొమ్మలున్న కాటన్‌వుడ్ చెట్టు కింద పడుకోకండి. చల్లగాలి వాగు అడుగుకు దిగుతుంది కాబట్టి ఇరవై ముప్ఫై అడుగుల ఎత్తు గట్టు మీద చలి తక్కువే. అయినా వసంతంలో సున్నాకు 6 డిగ్రీలు తక్కువ దాకా ఆపే స్లీపింగ్ బ్యాగ్ ఉండాలి.

బండ మీద మేకులు దిగవు, ఇసుకలో నిలవవు. మేకు లేకుండా నిలబడే టెంట్ తెచ్చుకోండి. గైలైన్ (టెంట్‌ను లాగి పట్టే తాడు) చివరను పిడికిలంత రాయికి కట్టి, టెంట్ వైపు దాని ముందు ఫుట్‌బాల్ అంత రాయిని పెట్టండి. తాడు లాగినప్పుడు చిన్న రాయి పెద్దదానికి తగిలి ఆగుతుంది. తాడును నేరుగా పెద్ద రాయికి కడితే రాత్రి గాలికి ఒరుసుకుని తెగుతుంది. రాళ్ళు దొరకకపోతే సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతండి. రాళ్ళను వాగు నుంచి తెచ్చుకోండి, చూరు కింద నుంచి మాత్రం కాదు. అక్కడ చెల్లాచెదురుగా కనిపించేది కూలిన గోడ. పొద్దున ఎక్కడివక్కడ పెట్టేయండి.

చిట్టెలుకలు

ఇక్కడ భయపడాల్సింది పాములకన్నా ఎలుకలకు. డీర్ మౌస్ అనే చిట్టెలుక హంటావైరస్‌ను మోస్తుంది. 1993లో నాలుగు రాష్ట్రాలు కలిసే ఈ ఫోర్ కార్నర్స్ ప్రాంతంలోనే అంతుచిక్కని ఊపిరితిత్తుల జబ్బుగా అది బయటపడింది. ఎండిన పెంటికల దుమ్ము పీల్చడం వల్ల సోకుతుంది. గాదెల లోపల, చూరుల మూలల్లో ఆ దుమ్మే ఉంటుంది. గాదె కిటికీలోకి తల దూర్చకండి, అక్కడ కూర్చుని భోంచేయకండి. నేల మీద ఒట్టి పట్టా వేసుకుని పడుకునే బదులు అడుగు గుడ్డ ఉన్న టెంట్ వాడండి. తిరిగొచ్చాక ఒకటి నుంచి ఎనిమిది వారాల లోపు జ్వరం, తొడలు, నడుము కండరాల నొప్పులు వచ్చి ఆయాసం మొదలైతే, ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టర్‌కు మొదటే చెప్పండి.

ఎలుక బ్యాగులోని జీడిపప్పు వాసన పట్టి గుడ్డను కొరికేస్తుంది. తిండినంతా సన్నటి స్టీల్ జాలీ సంచిలోగానీ గట్టి డబ్బాలోగానీ పెట్టాలి. ఖాళీ బ్యాగు జిప్‌లన్నీ తెరిచి ఉంచండి. లోపలికి వచ్చి వెతికి పోతుంది, కొత్త కన్నం పెట్టదు.

గోడ దగ్గర

కేన్ గల్చ్‌లో దిగిన 4 మైళ్ళకు, అది గ్రాండ్ గల్చ్‌లో కలిసే చోట జంక్షన్ రూయిన్ (శిథిలం), ఇంకాస్త కిందికి టర్కీ పెన్ రూయిన్. పుల్లలు నాటి కట్టిన ఆవరణను టర్కీ కోళ్ళ దొడ్డి అనుకున్నారు కాబట్టి దానికి ఆ పేరు. బుల్లెట్ కాన్యన్‌లో పైకి వచ్చేటప్పుడు జైల్‌హౌస్ రూయిన్, పర్ఫెక్ట్ కివా. జైల్‌హౌస్ పైన రాతి మీద పెద్ద తెల్లటి వృత్తాలు దూరం నుంచే కనిపిస్తాయి.

గోడను తాకకుండా రెండడుగుల దూరం నుంచి చూడండి. రాళ్ళ మధ్య అడుసులో అద్దినవాళ్ళ వేళ్ళ అచ్చులుంటాయి, ఒక్కోచోట వేలి రేఖలు కూడా. సందులు నింపడానికి గుచ్చిన చిన్న రాతి పలుకులు, అక్కడక్కడా మొక్కజొన్న బెండు ముక్క కనిపిస్తాయి. ఆ అడుసులో సిమెంటు లేదు, చేయి ఆనిస్తే రాలుతుంది. బొమ్మల మీద చేయి పెడితే చర్మం నూనె అంటుకుని రంగు పాడవుతుంది. కివా పైకప్పు మీదికి ఎక్కకండి, లోపలికి దిగకండి. అది నేటి ప్యూబ్లో ప్రజలకు ఇప్పటికీ పూజాస్థలం. బ్యాగు, కర్రలు చూరు బయటే పెట్టి వెళ్ళాలి, వెనక్కి తిరిగినప్పుడు గోడను కొట్టేది బ్యాగే.

నేల మీద పెంకు కనిపిస్తే అక్కడే వంగి చూసి, ఫొటో తీసి వదిలేయండి. నలుగురూ ఏరి ఒక బండ మీద పేర్చిన కుప్పలు కనిపిస్తాయి, మీరు మాత్రం వాటిలో కలపకండి. ఎక్కడ పడిందో తెలిస్తేనే పెంకు ఏదైనా చెబుతుంది. జేబులో వేసుకుంటే 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం కింద జరిమానా, జైలు. ఫొటోలు పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి.

వంట, చెత్త

పప్పు, మామూలు బియ్యం వద్దు. ఈ ఎత్తున నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు ఉడికేలోపు గ్యాస్ అయిపోతుంది. ఇంట్లోనే బొంబాయి రవ్వ దోరగా వేయించి, పోపు కలిపి, చల్లారాక కవర్లలో కట్టుకోండి: మనిషికి పూటకు 70 గ్రాములు, ఒక కప్పుకు రెండున్నర కప్పుల మరిగిన నీళ్ళు, మూతపెట్టి పది నిమిషాలు. పొద్దున అటుకులు నానబెట్టి కందిపొడి, నెయ్యి. ఊరగాయ రుచిగానే ఉంటుంది గానీ దాహం పెంచుతుంది, నూనె కారితే ఎలుకలకు పిలుపే. తెచ్చుకుంటే చిన్న డబ్బా, దానికి రెండు జిప్ కవర్లు. ఇద్దరికి మూడు రోజులకు 230 గ్రాముల గ్యాస్ డబ్బా ఒకటి చాలు. అది విమానంలో తేనివ్వరు, మోయాబ్‌లోనో కోర్టెజ్‌లోనో కొనుక్కోండి. గిన్నెలో కాసిన్ని వేడినీళ్ళు పోసి కలిపి తాగేస్తే కడిగే పని ఉండదు. ఊటలో గిన్నె ముంచడం, సబ్బు వాడటం వద్దు.

మలం ఈ ఎండు నేలలో త్వరగా కుళ్ళదు. లోపల జెల్ పొడి ఉండే మరుగుదొడ్డి సంచుల్లో తెచ్చేసుకోండి: మనిషికి రోజుకొకటి, పైన ఒకటి అదనం. కారులో మూత బిగుసుకునే బకెట్ ఒకటి ఉంచితే తిరుగు ప్రయాణంలో వాసన ఉండదు. టాయిలెట్ పేపర్ కాల్చడం, పాతడం రెండూ వద్దు.

బయటికి వచ్చే రోజు

బుల్లెట్ కాన్యన్ పై భాగంలో పరుపుబండల మీద, రాతి మెట్ల మీద ఎక్కాలి. తడిస్తే జారుతాయి. మధ్యాహ్నం ఎండలో ఇవి పెనంలా కాలతాయి, అందుకే తెల్లవారుజామునే బయల్దేరి, చివరి ఊట దగ్గర మనిషికి 3 లీటర్లు నింపుకుని ఎక్కండి.

బుల్లెట్ ట్రైల్‌హెడ్ నుంచి 261 దాకా దాదాపు మైలు మట్టిరోడ్డు. వాన పడితే ఆ జిగట బంకమట్టి టైర్లకు పట్టి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా పక్కకు జారుస్తుంది. అప్పుడు కారులోనే ఆగి, తెల్లవారుజామున నేల గడ్డకట్టి ఉండగా గానీ, మధ్యాహ్నం ఎండకు ఆరాక గానీ కదలండి. ఇందుకోసమే కారులో ఒక రాత్రికి సరిపడా నీళ్ళు, దుప్పటి, తిండి విడిగా పెట్టి ఉంచాలి. 261 మీద దక్షిణానికి వెళ్తే మోకీ డగ్‌వే వస్తుంది. మూడు మైళ్ళ గ్రావెల్ రోడ్డు మలుపులు తిరుగుతూ నిటారుగా దిగుతుంది, అంచున రెయిలింగ్ ఉండదు. చిన్న కారు పొడి నేల మీద తక్కువ గేరులో దిగగలదు. ట్రెయిలర్ ఉన్నా, చీకటి పడినా, వాన కురుస్తున్నా ఉత్తరానికి తిరిగి 95 మీదుగా బ్లాండింగ్ చేరండి.